గంట లేని గది

హెడ్మాస్టర్ సారుకు నమస్కారం.

నేను మూడో తరగతి కెజియా తల్లిని. మీరు ఫోన్ ఎత్తడం లేదు కనుక వాచ్‌మన్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మా పాపకు ఆటిజం ఉందని మీకు తెలుసు. కొత్త బిల్డింగ్‌లోకి మారేముందే ఒకసారి తీసుకొచ్చి గది చూపిస్తానని అడిగాను. "అదంత ఎందుకమ్మా, వారంల అలవాటైతది" అన్నారు. అలవాటు కాలేదు. ఈ రోజు కొత్త గేటు దగ్గర దింపి నేను వెనక్కి తిరగగానే పాత బడికి వెళ్లిపోయింది. బెంచీలు తీసేసిన గదిలో, తన చోటే నేల మీద కూర్చుంది. ఆ బడిని కూలగొట్టే మేస్త్రీ పరమేశ్, పాప మెడలోని కార్డు మీద నంబరు చూసి ఫోన్ చేశాడు: "ఎంత పిలిచినా లేస్తలేదమ్మా, జర జల్దీ రాండ్రి."

అది మొండితనం కాదు సార్. గంట కొట్టేదాకా లేవకూడదని యేసమ్మ టీచర్ ఏడాదంతా ఓపికగా నేర్పారు. నేర్చుకుందని మీరే ప్రేయర్‌లో చప్పట్లు కొట్టించారు. ఇప్పుడు ఆ గంటను విప్పి కొత్త బడిలో కట్టారు. నేను ఎత్తుకొస్తుంటే దారంతా "గంట కొట్టలే, గంట కొట్టలే" అని ఏడ్చింది.

రేపు పాత బడికి జేసీబీ వస్తుందట. నేను తూప్రాన్‌లో డ్యూటీకి పోక తప్పదు. ఇంట్లో ఉంచితే బడి టైముకు మా అత్తమ్మ కన్నుగప్పి వెళ్లిపోతుంది. అందుకే పంపుతున్నాను. గేటు దగ్గరే ఎవరైనా చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లండి.

ఒకవేళ క్లాసులో కనపడకపోతే, పేరు పెట్టి పిలవొద్దు. పలకదు. ముందు ఆ గంట తీసుకుని పాత బడికి పరుగెత్తండి. జేసీబీ మొదలయ్యాక కొట్టి లాభం లేదు సార్. ఆ చప్పుడుకు చెవులు గట్టిగా మూసుకుంటుంది.

ఇట్లు,
కెజియా తల్లి