బావ దండం పెట్టిన తిమింగలం

నౌపడ దగ్గర మన పేట నుంచి

గురమ్మప్పకు, తమ్ముడు ఎల్లాజీ దండాలు పెట్టి రాస్తున్నది.

ఫోనుండగా ఉత్తరమేమిటని విసుక్కుంటావు. ఫోనులో అయితే మొదటి ముక్కకే "నోర్ముయ్‌రా" అంటావు. కాగితాన్ని అలా అనలేవు. పైగా బడి మొహం చూడకుండా, ఉప్పుబస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. ఆ గొప్ప ఇంకోసారి చెప్పుకోవడానికి ఇదొక వంక. సరే, విషయానికొస్తాను.

తిమింగలాలు తిరిగొచ్చాయి అప్పా. మన చిన్నతనంలో ఒడ్డున నిలబడితే వాటి ఊపిరి నీటిపొగలా లేచేది, గుర్తుందా? తర్వాత ఎన్నో ఏళ్ళు జాడ లేదు. ఈసారి మూడు, ఒకదాని పక్కన పిల్ల కూడా. సముద్రజీవాల లెక్క రాసుకునే అనిత అనే అమ్మాయి వచ్చి, వాటిని వేటాడి చంపడం ఆగాక నెమ్మదిగా సంఖ్య పెరిగి, పాత చోట్లు వెతుక్కుంటున్నాయని చెప్పింది.

పేట సంబరపడాలి కదా. పడలేదు. నా కథే అడ్డం. ఎర్రన్న బావ పడవను తిమింగలం తోకతో కొట్టి ఆయన్ను చంపిందని నలభై ఏళ్ళ కిందట చెప్పింది నేనే. టీకొట్టులో చెప్పినప్పుడల్లా దాన్ని కాస్త పెంచాను. మొదట పడవంత ఉండేది, ఇప్పుడు గూడ్సుబండికి తక్కువ లేదు. నిన్న బోట్ల సంఘం మురళీమోహన్ వచ్చి, "తాతా, నీ తిమింగలం మల్లీ వచ్చినాది. నెలాకరు ఆదివారం మీటింగు. బోట్లన్నీ కలిసెల్లి టపాసులు కాల్సి తరిమేస్తాం. ముందు నువ్వే మాటాడాల" అన్నాడు.

మాట్లాడతాను. కానీ పేటకంటే ముందు నీకు చెప్పాలి.

ఆరోజు తిమింగలం కనబడిన మాట నిజం. చాలా దూరంగా. బావ తెడ్డు ఒళ్ళో పెట్టుకుని దానికి దండం పెట్టాడు. "మనకన్నా పెద్ద జాలరిరా, దారియ్యి" అన్నాడు. అది తన దారిన పోయింది. తిరిగొస్తుంటే మంచు కమ్మింది. ఒడ్డు దగ్గర మూడు పెద్ద కెరటాలు పోనిచ్చి రావాలి. బావ "ఆగరా" అంటూనే ఉన్నాడు. చుక్కాని నా చేతిలో ఉంది. అన్నీ తెలుసనే పొగరుతో రెండో కెరటానికే తోలాను. పడవ అడ్డం తిరిగి బోల్తా కొట్టింది. బావ తల అంచుకు తగిలింది. నేను తేలాను. ఒడ్డున నీ మొహం చూసేసరికి నా నోటికి తిమింగలం వచ్చింది.

మీటింగులో ఇదే చెబుతాను. నువ్వు తిట్టినా చెబుతాను. తిట్టకపోతేనే భయం.

ఇట్లు,
గూడ్సుబండంత అబద్ధమాడిన నీ తమ్ముడు,
ఎల్లాజీ


చింతపల్లి నుంచి

ఒరే ఎల్లాజీ,

నేను సెప్తన్నాను, మనవరాలు తులసి రాస్తన్నాది.

ఏటిరా, నాకు తెల్దనుకున్నావా? మర్నాడు పడవని ఒడ్డుకి లాగినప్పుడు నేను తడిమి సూసినాను. కొబ్బరితాళ్ళతో కుట్టిన పడవ. తిమింగలం తోకతో కొడితే ఒక్క కుట్టయినా తెగదేటి? ఒక్కటీ తెగనేదు. అది బయటెడితే నీ సేతికి మల్లీ ఎవుడూ సుక్కాని ఇవ్వడు. నువ్వు ఏటకెల్లకపోతే నా ఇద్దరు పిల్లలకి కూడెవుడెడతాడు? అందుకే ఊరుకున్నాను. తిట్లంటావా, మీటింగయినాక తీరుబడిగా తిడతాను.

అబద్ధమంటే నీకు నీళ్ళు తాగినట్టే. నిజం అలవాటు లేనోడివి, తడబడతావు. నేనొచ్చి పక్కన కూకుంటాను. నువ్వాగిన కాడ నేనందుకుంటాను. టపాసుల సంగతి ఆ మురళీమోహన్‌కి నేను సెప్తాను.

ఒకటి మాత్రం నిజంగా దాచినావురా. మీ బావ దానికి దండమెట్టినాడని నలభై ఏళ్ళూ నాకు సెప్పనేదు. ఆరోజు పొద్దున్న నాతో తగువాడి, తిన్నగా మాటాడకుండా ఎల్లినాడు. ఆ కోపంతోనే పోయినాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. సల్లగానే ఉన్నాడన్నమాట.

బోటు సిద్ధం సేయించు. నన్ను తీసుకెల్లి దాన్ని సూపించు. నేనూ ఒక దండం ఎట్టుకుంటాను.

ఈసారి మూడు కెరటాలూ పోనిచ్చి తోలు.

వేలిముద్ర ఏసిన నీ అప్ప,
గురమ్మ