నలభై ఏడో నంబరు కళ్లు

మామయ్యకు, ఇది చదివి వినిపిస్తున్న అత్తయ్యకు మీ కోడలు రాస్తున్నది.

అత్తయ్యా, ముందే చెబుతున్నా. ఉన్నది ఉన్నట్టు చదవండి, మధ్యలో మీ వ్యాఖ్యానం వద్దు. ఫోన్లో చెప్పచ్చు కదా అంటారేమో. ఫోన్లో అయితే మామయ్య రెండు మాటలు వినీ వినకుండానే "సరే సరే, జాగ్రత్త" అని పెట్టేస్తారు. ఇది సరే సరేతో తేలిపోయే సంగతి కాదు.

చుక్కల వెలుగు చూసి రాసేవాళ్ల సమావేశం నిన్న మధ్యాహ్నానికి అయిపోయింది. మీ జ్ఞాపిక నా చేతికే ఇచ్చారు. "నలభై ఏడో నంబరు పరిశీలకుడికి, పాతికేళ్ల పరిశీలనకు" అని చెక్కించారు. నంబరు పిలవగానే హాలంతా లేచి నిలబడింది మామయ్యా. పెయింటు షాపులో రంగులు కలుపుకునేదాన్ని, అన్ని చప్పట్లు నేనెప్పుడు విన్నాను? మెట్లు దిగుతూనే జ్ఞాపికని సంచిలో పెట్టేశాను. పెట్టేసింది చప్పట్లకి సిగ్గుపడి మాత్రమే కాదు. ఎందుకో చెబుతాను.

ఆ తరవాత ఓ ఇరవైమందిమి ఎదురుగా ఉన్న హోటల్లో భోజనానికి చేరాం. నాలుగు బల్లలు కలిపి వేయించారు. బయట ఒకటే వాన. "చుక్కల పిచ్చోళ్లందర్నీ ఒకచోట చేరిస్తే మబ్బు పట్టక ఏం చేస్తుంది!" అన్నాడు లిఫ్టులు బాగుచేసే ఆయన. ఊళ్లో ఎత్తయిన మేడల తాళాలన్నీ ఆయన జేబులోనే ఉంటాయట. పని అయిపోయాక కూడా పైనించి దిగడట. "మా ఆవిడ నన్ను వెతకాలంటే తల పైకెత్తి వెతుకుతుంది" అన్నాడు. ఆయన పక్కన ఓ పళ్ల డాక్టరు. తన టెలిస్కోపు అద్దం తనే పద్నాలుగు నెలలు ఆస్పత్రి వెనక గదిలో అరగదీసుకున్నాడట. ఆ గరగర విని, వరసలో కూర్చున్న రోగులు ఒక్కొక్కరే జారుకునేవాళ్లట. నాకు నవ్వి నవ్వి పొలమారింది. అక్కడ ఎవరూ పేరు అడగరు మామయ్యా. "నేను పంతొమ్మిది", "నేను అరవై రెండు" అంటూ చేతులు కలుపుతారు. నన్ను మాత్రం "మన నలభై ఏడు కోడలు" అన్నారు. అందరికీ మీరు ఇంటిమనిషే.

టీలు వచ్చాక డాక్టరుగారు మూడేళ్ల కిందటి ఆ చుక్క సంగతి ఎత్తారు. ఏళ్ల తరబడి ఒక్కలాగే వెలిగి, ఉన్నట్టుండి మసకబారిపోయిందే, అదే. "అందరికన్నా నాలుగు రోజులు ముందు పట్టాడమ్మా మీ మామగారు!" అంటూ, కొత్తవాళ్లకి చూపించడానికి బల్ల మీద కప్పులు, చెంచాలు, ఉప్పు సీసా పేర్చి ఆ చుక్కా దాని ఇరుగుపొరుగూ తయారుచేశారు. నేను ఊరుకోవచ్చు కదా! చెయ్యి చాచి, "కాదండీ, ఈ కప్పు ఇంకాస్త ఎడమకి. ఈ చెంచా చుక్క తెలుపు కాదు, కొంచెం పసుపు" అనేశాను.

లిఫ్టుల ఆయన ఆ కప్పుని నేను చెప్పినంత ఎడమకి జరిపాడు.

"నువ్వెప్పుడు చూశావమ్మా?" అన్నారు డాక్టరుగారు.

ఏదో ఒకటి చెప్పి తప్పుకోవచ్చు. కానీ ఆరేళ్లుగా దాచుకున్నది ఆగలేదు. "ఆ చుక్క తగ్గడం చూసింది నేనండీ. మామయ్య చూపు మధ్యలో మచ్చ వచ్చి, చుక్కలు కనపడటం మానేసి ఆరేళ్లయింది. అప్పట్నించీ చూసేది నేను, నంబరు ఆయనది" అని చెప్పేశాను. చెప్పాక తల ఎత్తలేకపోయాను. మీ పరువు నడిబల్ల మీద పెట్టేశానని ఏడుపొచ్చింది.

అప్పుడు బల్ల చివరినించి ఎవరో కిసుక్కున నవ్వారు. చూస్తే లెక్కల పిన్ని! పోస్టాఫీసులో చేసి రిటైరయిన పెద్దావిడ, ముప్పై ఏళ్లుగా చుక్కల వెలుగు రాసి పంపే మన కార్డులన్నీ చేరేది ఆవిడకే. "హమ్మయ్య, చెప్పావా! మన నలభై ఏడో నంబరాయన ఎర్ర చుక్కల్ని ఎప్పుడూ అందరికన్నా కాస్త ఎక్కువ వెలుగుగా రాసేవాడు. పెద్దవయసు కళ్ల తీరే అంత. ఆరేళ్ల కిందట ఒక్క వారంలో అది మాయం! మనిషికి అరవై దాటాక కళ్లకి ముప్పై ఏళ్లు తగ్గాయి. ఏం పసరు వేసుకున్నాడో కనుక్కుని నేనూ వేసుకుందామనుకున్నా" అంది. హోటలంతా వినపడేలా నవ్వారు. నేనూ ఏడుస్తూనే నవ్వాను.

"మరి తెలిసీ ఎందుకు అడగలేదు పిన్నిగారూ?" అన్నాను.

"రాసింది నిజమా కాదా, అంతే నా పని. నిజమే. ఎవరు చూశారన్నది మీ ఇంటి మాట, మీరే చెప్పాలి" అంది.

ఇప్పుడు అసలు మాట మామయ్యా. ఆ చుక్క తగ్గిన వారం ఎవరో ఫోన్ చేస్తే మీరు "నేను చూశాను" అన్నారు. నేను మీ పక్కనే టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ "నేను" నాకు గుచ్చుకుంది. మర్నాడు షాపులో నీలం అడిగినవాళ్లకి ఆకుపచ్చ కలిపిచ్చాను. ఇన్నాళ్లూ ఎవరికీ, మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. చుక్కని చుక్కతో పోల్చి చూడటం నేర్పింది మీరు. కప్పు ఎడమకి జరపాలని తెలిసిందంటే మీ వల్లే. అయినా గుచ్చుకుంది.

నాకు వేరే నంబరు ఇస్తామన్నారు. కాగితం నింపాను, సంతకం చెయ్యలేదు. మీరు ఊ అంటేనే చేస్తాను. పాత కార్డులు సర్దడానికి పిన్ని నన్ను పది రోజులు వాళ్లింట్లో ఉండమంది. అడ్రసు కవరు మీద ఉంది. కోపం వస్తే కోపంగానే రాయించండి.

మీ కోడలు

*

అమ్మాయీ,

మీ మామయ్య చెబుతుంటే నేను రాస్తున్నాను. (మధ్యలో మాట్లాడొద్దన్నావు. ఇప్పుడు కలం నా చేతిలో ఉంది. ఇహ నన్ను ఆపేదెవరు? — అత్తయ్య)

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. కోపం రాలేదమ్మా. సిగ్గేసింది. ఆ రోజు ఫోన్లో "నేను" అన్నాక నువ్వు గ్లాసు కింద పెట్టిన చప్పుడు విన్నాను. కళ్లు పోయాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి. మా కోడలు చూసిందని అప్పుడే అనాల్సింది. నోరు రాలేదు. నలభై ఏళ్లు బస్సు తోలాను. కళ్లే నా కూడు. స్టీరింగు పోయింది, చూపు పోయింది, ఈ నంబరొక్కటే మిగిలిందనుకున్నాను. ఇంకో భయం కూడా ఉంది. నీకు సొంత నంబరొస్తే, రోజూ ఈ ముసలాణ్ణి చెయ్యి పట్టుకుని డాబా ఎక్కించే అవసరం నీకేముంటుంది అని. (నాతో కూడా ఎప్పుడూ అనలేదు ఈ మాట. — అత్తయ్య)

నడుం నొప్పని నేను ఆగిపోయి నిన్ను పంపాను కదా. నడుం నిక్షేపంలా ఉంది. (నువ్వు బస్సెక్కిన గంటకే స్టూలెక్కి అటక సర్దారు!) నా నోటితో చెప్పలేక, నువ్వు వెళితే ఎలాగోలా బయటపడుతుందని పంపాను. పిరికి పని. బరువంతా నీ నెత్తిన పెట్టాను. నన్ను క్షమించు తల్లీ.

ఆ కాగితం మీద సంతకం చెయ్యి. ఆ ఆరేళ్ల రాతలూ నీ నంబరు కిందికి మార్చమని లెక్కల పిన్నికి నా మాటగా చెప్పు. చుక్క తగ్గడం పట్టింది కూడా నీ పేరునే ఉండాలి. నా పంతొమ్మిదేళ్లు నాకు చాలు. ఇంకా మిగులు. రాత్రికి ఏ చుక్క చూడాలో చెప్పడానికి మాత్రం నేనుంటాను. పక్కన ఎవరో ఒకరు సతాయించకపోతే నువ్వు చుక్కలు వదిలి మీ షాపు రంగుల గురించి ఆలోచిస్తావు.

ఇట్లు,
పంపించినందుకు సిగ్గుపడుతూ, నువ్వు చెప్పినందుకు గర్వపడుతూ
మీ మామయ్య

అమ్మాయీ, ఆయన లేచి వెళ్లారు. ఇక్కణ్ణించి నా మాట. నువ్వు లేక వారం రోజులుగా కార్డు ఖాళీగా ఉందని ఆయన ఒకటే గొణుగుడు. భరించలేక నిన్న పొద్దుగూకగానే నేనే డాబా ఎక్కించాను. ఆ బైనాక్యులర్ నా చేతికిచ్చి "ఎడమకి, ఇంకా ఎడమకి, అబ్బా, అది పక్కింటి బల్బే!" అని అరిచారు. చివరికి దొరికింది. కింది చుక్క కన్నా వెలుగు ఎక్కువ, పైదాని కన్నా తక్కువ అన్నాను. ఆయన మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు. తరవాత "సరిగ్గా చూశావే" అన్నారు. పెళ్లయి ఇన్నేళ్లలో నా వంట గురించి కూడా అంత మెచ్చుకోలేదు. ఈయన అక్కడ కూర్చుని ఇన్నేళ్లూ ఏం చూస్తున్నారో నిన్నే తెలిసింది. ఆ చుక్క కొంచెం ఎర్రగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదేం?

నువ్వు తొందరపడి బయల్దేరకు. పది రోజులు కాకపోతే ఇరవై రోజులు ఉండు, కావలసినంత నవ్వుకో. ఇక్కడ కార్డు ఖాళీగా ఉండదు. నేను చూస్తాను.

అత్తయ్య