రాహుకాలంలో రిజిస్ట్రేషన్

బుధవారం, రాత్రి.

సెలవులకు నర్సీపట్నం రాకుండా జర్మనీలోనే ఉండిపోవాల్సింది. వచ్చే సెమిస్టర్ క్లాసుల రిజిస్ట్రేషన్ ఈరోజు అక్కడి ఉదయం తొమ్మిదికి మొదలైంది. అంటే ఇక్కడ పన్నెండున్నర. నేను స్టాటిస్టిక్స్ నొక్కబోతుండగానే నాయనమ్మ వచ్చి ల్యాప్‌టాప్ మూసేసింది.

"ఏటే ఇది! బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం."

"అక్కడ ఇంకా తొమ్మిదే నాయనమ్మా. రాహుకాలం రాలేదు."

"నువ్వు కూకున్నది ఎక్కడ? ఇక్కడే కదేటి!"

ఆదుకుంటుందేమోనని అమ్మ వైపు చూస్తే, "గంటే కదా, ఆగు" అని జీడిపప్పు పొట్టు తీయమని పళ్లెం చేతిలో పెట్టింది.

ఒకటిన్నర దాటిన మరుక్షణం తెరిచాను. స్టాటిస్టిక్స్ నిండిపోయింది. అది లేకపోతే ప్రాజెక్ట్ ఇవ్వరు, వెయిటింగ్ లిస్టులో నాది నలభయ్యో పేరు. నాకు కుదిరే వాటిలో మిగిలింది ఖగోళశాస్త్రం ఒక్కటే. ఏడుపు ఆపుకుని అదే నొక్కాను.

నాయనమ్మ మాత్రం పొంగిపోయింది. "గ్రహాల సదువా? సూసావా, మంచి టయానికి నొక్కావు గనకే దొరికింది. బేగి నేర్సుకునొచ్చి మనింటి ముహూర్తాలు నువ్వే పెట్టు."

ఆ ముఖం చూశాక టైంటేబుల్ చూపించడానికి మనసొప్పలేదు. ఆ క్లాసు సెమిస్టరంతా ప్రతి బుధవారమే. అక్కడి టైం ప్రకారం, పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా.