నాచు కట్టిన కొండ

మార్చి 14, ఆదివారం మధ్యాహ్నం

భూతద్దానికి,

నీ ఉత్తరం అందింది. ఇంటిల్లిపాదీ కులాసా అని రాశావు, సంతోషం. ఇక్కడ నేనూ బాగానే ఉన్నాను, మోకాళ్ళ సంగతి అడక్కపోతే. "ప్రియమైన" అని మొదలుపెట్టబోయి కలం ఆపేశాను. పదకొండేళ్ళు పలకరింపుల్లేని మనుషుల మధ్య ఆ మాట కొత్త చెప్పులా కరుస్తుంది. మాస్టారు మనకు పెట్టిన పేర్లే నయం. రాయిని చూసేదానివి కాబట్టి నువ్వు భూతద్దం, కోసేదాన్ని కాబట్టి నేను రంపం.

వచ్చే శనివారం మాస్టారి సంస్మరణ సభ అని రాశావు. ఎక్కడో దూరాన మన కొండలాంటి కొండలోనే, రాతిలో నాచు ఆకులు నిలబడి దొరికాయట. అది చదివాక నీకు నిద్ర పట్టడం లేదట. సభలో లేచి, కొండ విషయంలో నేను తప్పు రాశాను, మాస్టారు చెప్పిందే నిజం అని ఒప్పుకుంటావట. ముందుగా నేను నిన్ను క్షమించాలట, పక్కన వచ్చి కూర్చోవాలట. నేను రాను. ఎందుకు రానో చెప్పడానికే ఈ ఉత్తరం.

మొదటిసారి ఆ కొండ ఎక్కిన రోజు నీకు గుర్తుందో లేదో. కొండంటే గొప్ప కొండేం కాదు, నడుం దాకా ముళ్ళపొదలున్న సున్నపురాతి గుట్ట. మాస్టారు సీసాలో నీళ్ళు రాయి మీద పోసి, తడిసిన చోట వేలితో తడమమన్నారు. వంకర్లు తిరిగిన సన్నటి గీతలు తగిలాయి. ఇది సముద్రం అడుగమ్మా అన్నారు. ముప్పై కోట్ల ఏళ్ళ కిందట ఈ దిబ్బ కట్టింది పగడాలు కాదు, నాచు. క్యాబేజీ ఆకుల్లాంటి నాచు, ఒంట్లో సున్నం నింపుకుని, ఎండ తగిలే లోతులో గుంపుగా లేచేది. పారే నీళ్ళు ఆ ఆకుల్లోకి వచ్చేసరికి నెమ్మదించి, మోసుకొచ్చిన బురదని అక్కడే దించేసి పోయేవి. బురద పేరుకున్న కొద్దీ దాని మీద కొత్త ఆకులు లేచేవి. ఆకుల చాటున నీడ, ఆ నీడలో ఆవగింజంత గుల్లలు, ఆకుకే అంటుకుని గూళ్ళు కట్టుకునే బుల్లి జీవాలు. ఇల్లు కట్టింది ఒకరు, కాపురాలు చేసింది ఇంకొకరు అని ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. నువ్వు నవ్వలేదు. ఆకులు నిలబడే పెరిగాయని ఏంటి నమ్మకం, ఎక్కడో విరిగి కొట్టుకొచ్చి ఇక్కడ కుప్ప పడి ఉండొచ్చు కదండీ అన్నావు. కుప్పయితే అక్కడ ఎవరూ బతకలేదన్నమాట. మాస్టారికి కోపం రాలేదు, పైగా సంబరపడిపోయారు. అదీ ప్రశ్నంటే, ఇద్దరూ కలిసి తేల్చండి అన్నారు.

పన్నెండేళ్ళు తేల్చాం. మెట్ల కింద ఆ కిటికీ లేని గదిలో నేను రాయి కోసేదాన్ని. రంపం మీద నీళ్ళు చిమ్మి చీర మోకాళ్ళ దాకా తడిసేది. కోసిన ముక్కని గాజుపలకకి అంటించి, వెలుతురు అవతలికి దాటేదాకా అరగదీసేదాన్ని. ఒక్క రవ్వ ఎక్కువ అరిగితే ముప్పై కోట్ల ఏళ్ళు గంజిలా కారిపోయేవి. అలా ఆరువందల నలభై పలకలు. నువ్వు పై అంతస్తులో, కిటికీ పక్కన, మైక్రోస్కోపులో చూసేదానివి. అన్నిట్లోనూ ఆకులు పడుకునే ఉన్నాయన్నావు. ఉన్నాయి మరి. నువ్వు ఏరుకొచ్చిన రాళ్ళన్నీ కొండ కింది వాలులోవి, పైకెక్కడానికి నీకు తీరిక ఉండేది కాదు.

తర్వాత పుస్తకం వచ్చింది. అట్ట మీద మాస్టారి పేరూ నీ పేరూ. నా కోసం వెతికితే ఆఖరి పేజీలో దొరికాను: "ప్రయోగశాల సిబ్బందికి కృతజ్ఞతలు". సిబ్బంది అంటే నేనొక్కదాన్నే. ఆ బహువచనం గౌరవం కోసమేమో అనుకుని సరిపెట్టుకున్నాను.

అప్పుడే సిమెంటు వాళ్ళు కొండ కావాలని అడిగారు. కాపాడదగ్గ కొండా కాదా అని కమిటీ మన భూగర్భశాస్త్ర విభాగాన్ని అభిప్రాయం కోరింది. మాస్టారు అప్పటికే రిటైరయ్యారు, రెండు కళ్ళూ పోయాయి. రాయాల్సింది నువ్వు. మూడు వాక్యాలు రాశావు. ఇది నాచు ముక్కల కుప్ప, జీవులు కాపురమున్న దిబ్బ అనడానికి ఆధారం లేదు, తవ్వకానికి అభ్యంతరం లేదు. ఆయన దగ్గర చదువుకుని, ఆయన కుర్చీలో కూర్చుని, ఆ మూడు వాక్యాలు రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే?

కమిటీ కూర్చున్న రోజు మాస్టారు చేతికర్రతో వచ్చారు. గంటసేపు మాట్లాడారు. ఒక్కోసారి గోడ వైపు తిరిగి మాట్లాడుతుంటే పక్కనున్న గుమాస్తా ఆయన భుజం పట్టి తిప్పాడు. అధ్యక్షుడు మర్యాదగానే, అంతా బాగుంది సార్, ఆకు నిలబడి ఉన్న రాయి ఒక్కటి చూపించండి, ఈ ఫైలు ఇక్కడే మూసేస్తాను అన్నాడు. మాస్టారు మనం ఎక్కడున్నామో తెలీక గదంతా ముఖం తిప్పి వెతికారు. నువ్వు కాగితాలు సర్దుకున్నావు. నేను చివరి వరసలో ఉన్నాను.

రెండో నెలలో పేలుళ్ళు మొదలయ్యాయి. కొండని తవ్వి ఎలకని పట్టారని సామెత. వీళ్ళు ఎలకని కూడా వదలకుండా బస్తాల్లోకి ఎత్తారు. ఒకరోజు మాస్టారు తీసుకెళ్ళమంటే బస్సులో తీసుకెళ్ళాను. నువ్వు రాలేదు, నీకు ఏదో సమావేశం. కంచె పట్టుకుని నిలబడ్డారు. పేలుడు వినబడ్డాక చాలాసేపటికి దుమ్ము వచ్చి చొక్కా మీద పడింది. దులపబోతే వద్దన్నారు. బస్సులో తిరిగొస్తూ, నేనే పొరబడ్డానేమోనమ్మా, ముప్పై ఏళ్ళు కుప్పని పట్టుకుని ఇల్లనుకున్నానేమో అన్నారు. ఆ చలికాలం దాటలేదు.

కళ్ళు పోయినప్పుడు కుంగని మనిషి ఆ ఒక్క అనుమానంతో పోయాడు. ఆ అనుమానం పెట్టింది నీ మూడు వాక్యాలే. ఇప్పుడు సభ పెట్టి, మైకు పట్టుకుని ఒప్పుకుంటానంటున్నావు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కాలు నువ్వే కడుక్కో, చెంబు పట్టుకోవడానికి నన్ను పిలవకు. ఇక ఉత్తరాలు రాయకు.

ఇట్లు,
రంపం

తాజాకలం: సోమవారం పొద్దున్న. పోస్టాఫీసు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. పైన రాసిందంతా పదకొండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న కథ. అందులో అబద్ధం లేదు. రాయకుండా వదిలేసింది ఉంది.

కమిటీకి తొమ్మిది రోజుల ముందు మాస్టారు ఒక రాయి పంపారు. కొండ నెత్తి మీద ఎప్పుడో తీసుకుని బీరువాలో మరిచిపోయిందట. నువ్వు ఆ వారం ఊళ్ళో లేవు. కోశాను, అరగదీశాను, నీ మైక్రోస్కోపు కింద పెట్టి నేనే చూశాను. మూడు ఆకులు, పక్కపక్కన, నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య బురద గిన్నెలో పాలలా సమంగా దిగింది. ప్రతి ఆకుకీ రెండు వైపులా గూళ్ళు. అనుమానానికి తావే లేదు.

పుస్తకం వచ్చి అప్పటికి నెల. మీ ఇద్దరికీ నేను సిబ్బందిని కదా, సిబ్బంది నోరు విప్పడం దేనికి అనుకున్నాను. ఒక పది రోజులు మీరిద్దరూ కొట్టుకు చావండి, తర్వాత నేను తీసి చూపిస్తాను, అప్పుడు ఎవరు చూశారో తెలుస్తుంది అనుకున్నాను. అధ్యక్షుడు ఒక్క రాయి అడిగినప్పుడు ఆ పలక నా సంచిలోనే ఉంది. లేవబోయాను. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అందరూ అడుగుతారన్న భయం కాళ్ళు పట్టుకుంది. తర్వాత రోజు చెబుదామంటే ఆ భయం ఇంకో రోజు పెరిగింది. అలా పదకొండేళ్ళు.

నువ్వు చూసిందే రాశావు. చూడాల్సింది నేను నీకు చూపించలేదు. పలక దూదిలో చుట్టి ఈ కవరుతో పాటే పంపుతున్నాను. సభలో నీ ఒప్పుకోలు బదులు దీన్ని చూపించు, ఈ కాగితం చదువు. క్షమించమని అడగడం లేదు.

పలక చూసిన ఆ సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు. ఏమైనా కనబడిందా తల్లీ అని అడిగారు. ఏమీ లేదు మాస్టారూ, ఇందులోనూ పడుకున్న ఆకులే అన్నాను. సరేలేమ్మా, ఊరికే శ్రమ ఇచ్చాను, ఏమనుకోకు అన్నారు.