కారణం కాలమ్

సార్ గారికి నమస్కారం.

ప్రాజెక్టు ఫారాలు ఇయ్యాల ఇవ్వలేకపోతున్నాను. మన లైబ్రరీలోని హ్యూమన్ జాగ్రఫీ డిక్షనరీ నన్ను చానా తికమక పెట్టింది. దాన్ని ఇంటికివ్వరు కాబట్టి 'వలస' అర్థం నోట్సులో ఎక్కించుకున్నాను. పుట్టిన చోటు వదిలి వేరే చోట నివాసం ఉండటం అని ఉంది.

దాచేపల్లిలో మా వీధికి వలస వచ్చినవాళ్ళ లెక్క తీయమన్నారు గదా. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే నలుగురు బీహారు వాళ్ళే తేలతారనుకున్నాను. పుస్తకం ప్రకారం రాస్తే ముప్పై ఒక్కమంది తేలారు. మిగతా ఇరవై ఏడుగురూ పెళ్ళయి వచ్చిన ఆడవాళ్ళే.

అందులో మా అమ్మ కూడా ఉంది. అమ్మది కృష్ణ అవతల వాడపల్లి. పెళ్ళప్పుడు ఒకటే రాష్ట్రం, ఇప్పుడు కాదు. బీహారు వాళ్ళతో పాటు 'వేరే రాష్ట్రం' కాలమ్‌లో పడింది. నేనేమన్నా తప్పు ఎక్కించుకున్నానా సార్?

అమ్మకి చూపిస్తే నవ్వుద్దనుకున్నాను. నవ్వలా. తన ఊరి పేరు మీద వేలు పెట్టి చానాసేపు చూసింది.

కారణం కాలమ్‌లో పని, చదువు, పెళ్ళి అని మూడే ఉన్నాయి. పెళ్ళి దగ్గర టిక్కు పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"నేనెక్కడొచ్చానే? తీసుకొచ్చారు. అట్టా రాయి."

అట్టా రాయటానికి ఫారంలో చోటు లేదు సార్. మిగతా ఇరవై ఆరుగురికీ నేను అడక్కుండానే పెళ్ళి అని టిక్కు పెట్టేశాను.

ఇంకో వారం టైమివ్వండి.

మీ స్టూడెంట్,
రోల్ నంబర్ 23