తర్వాతేంటని అడగరాదు

ఈ ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన డ్రైవింగ్ మాస్టారునైన నేను, పూర్తి తెలివిడితో, స్థిమితమైన బుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితం గురించి మా అక్కకు చిన్నప్పటినుంచీ అనుమానాలున్నాయి కనుక, డాక్టరు చేత కూడా ఒక కాగితం రాయించి దీనికి జతచేశాను.

రేపు ఉదయం నా గుండెకు ఆపరేషన్. నూటికి తొంభై మంది లేచి ఇంటికి వెళ్తారని డాక్టరు అన్నాడు. ఇంట్లోవాళ్లంతా ఆ తొంభైని పట్టుకుని ఊరడిల్లుతున్నారు. మిగిలిన పది మంది గురించి కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి కదా అని నేను ఈ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. భయంగా ఉంది. రాస్తే కాస్త తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత కోర్టులో గుమాస్తాగా చేస్తున్న మా అక్క కొడుకుది. అవసరమైతే అతను కన్నతల్లికి కూడా ఎదురు చెప్పవలసి వస్తుంది. కనుక నా హెల్మెట్ అతనికి ఇస్తున్నాను.

1. నా స్వార్జితమైన ఇంట్లో కింది వాటా నా కుమారుడికి, పై వాటా నా కుమార్తెకు సర్వహక్కులతో చెందవలెను. అయితే నా తదనంతరం ఒక ఏడాది పాటు ఇల్లు అమ్మరాదు. బీమా ఏజెంటైన మావాడు అప్పుడే బేరగాళ్లను చూసి ఉంచాడని నాకు తెలుసు. దురాశ కాదు పాపం, వాడికి ఏ సంగతైనా తేలిపోవాలి. ఆకాశంలో మబ్బు తునక లేని రోజు కూడా గొడుగు పట్టుకుని వెళ్లే మనిషి. కారు నేర్చుకునేటప్పుడు మలుపు అవతల ఏముందో చెబితేగానీ తిప్పనని మొండికేశాడు. "నాకు మాత్రం ఏం తెలుసురా, తిప్పితే కనిపిస్తుంది" అన్నాను. దిగి, నడిచి వెళ్లి చూసొచ్చాడు. అంతసేపూ వెనక బండ్లవాళ్లు హారన్లతో మా వంశాన్నంతా తలుచుకున్నారు.

2. పాఠాలు చెప్పే కారును, ఇన్నేళ్లూ దాని ప్రాణం నిలబెట్టిన మెకానిక్‌కు ఇస్తున్నాను. దాంతోపాటు పద్నాలుగో నంబరు స్పానర్ కూడా. అది తనదేనని అతను ఏళ్ల తరబడి వాదిస్తున్నాడు. అది నాదే. నాది కాబట్టే ఇవ్వగలుగుతున్నాను. పుచ్చుకున్నాడంటే ఒప్పుకున్నట్టే.

3. ఆ కారులో పక్కసీటు ముందు, నేర్పేవాడి కాలికింద ఇంకో బ్రేకు ఉంటుంది. దాన్ని ఊడదీయించి మా అక్కకు అందజేయవలెను. ఎవరి బతుకు ఎవరు నడుపుకుంటున్నా పక్కన కూర్చుని బ్రేకు తొక్కడం ఆవిడకు ప్రాణం. నేను మిల్లు ఉద్యోగం మానేసి డ్రైవింగ్ స్కూలు పెడతానన్న రోజున, "కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నావురా" అని వీధంతా వినబడేలా గోల చేసింది. మొదటి నెల నా దగ్గరికి పురుగు కూడా రాలేదు. రెండో నెలలో చేరిన మొదటి విద్యార్థి మా అక్కే. ఆవిడకు కారు లేదు, కొనే ఉద్దేశమూ లేదు. రివర్స్ చేయడం ఇప్పటికీ రాదు.

4. ఇక నా కుమార్తె సంగతి. నాలుగు నెలల కిందట కాపురం వదులుకుని ఒక్క సూట్‌కేసుతో మా ఇంటికి వచ్చింది. పాత ఉద్యోగానికి వెళ్లడం లేదు, కొత్తది వెతకడం లేదు. పై గది కిటికీకి నీలం రంగు వేయడం మొదలుపెట్టి సగంలో ఆపేసింది. భోజనాల దగ్గర రోజూ ఇదే పాట. "ఏదో ఒకటి తేల్చుకోవాలి కదమ్మా" అని వాళ్లన్నయ్య. "ఆడపిల్ల ఎటూ కాకుండా ఎన్నాళ్లని ఉంటుంది?" అని మేనత్త. ఆమె పళ్లెంలోకి చూస్తూ "తెలీదు" అంటుంది. ఏదో తప్పు చేసినట్టు ఆ మాట దగ్గర గొంతు తగ్గిపోతుంది. నాకు బాధ కలిగింది ఆ తగ్గిన గొంతుకే.

నా దగ్గర చేరినవాళ్లలో మొదటి రోజే "అంతా తెలుసు మాస్టారూ" అన్నవాళ్లు గోడలు కూల్చారు. "తెలీదండీ" అన్నవాళ్లు నేర్చుకున్నారు. ఇంకొకటి. ఒకటో గేరులోంచి రెండులోకి పోవాలంటే న్యూట్రల్ మీదుగానే పోవాలి. ఆ కాస్సేపు బండి ఏ గేరులోనూ ఉండదు. కొత్తవాళ్లు కంగారుపడి గేరు కర్రను బలంగా లాగి గరగరలాడిస్తారు. గేరుబాక్సులు పాడయ్యేది అక్కడే.

కనుక, ఏదీ తేల్చుకోనక్కర్లేని ఒక పూర్తి సంవత్సరాన్ని ఇందుమూలముగా నా కుమార్తెకు దఖలు పరచడమైనది. ఆ ఏడాది ఆమె ఖర్చు నా బ్యాంకు ఖాతాలోంచి గడవవలెను. ఆమెను ఎవరూ "తర్వాతేంటి?" అని అడగరాదు. "ఏమనుకున్నావ్?" అన్నా అడిగినట్టే. ఏమీ అనకుండా నిట్టూర్చినా అడిగినట్టే. నా కుమారుడు అడిగినప్పుడల్లా కింది వాటాలోంచి ఒక గది చెల్లెలికి పోవును. మొదట పోయేది వంటగది. మా అక్క అడిగితే ఆ వారమంతా మా ఇంట్లో ఆవిడకు కాఫీ బంద్. మేనల్లుడు మొహమాటపడరాదు. కిటికీలో మిగిలిన సగానికి ఇంకెవరూ రంగు వేయరాదు. మావాడు అప్పుడే బ్రష్ కొని దాచాడు.

5. నా చేతివాచీ కూడా నా కుమారుడికే. అది కాస్త వెనక నడుస్తుంది, బాగు చేయించరాదు. ఈ వారమంతా వాడు నా మంచం పక్కన కుర్చీలోనే ఉన్నాడు. "భయంగా ఉందా నాన్నా?" అని నన్ను అడుగుతూ తనే నా వైపు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుంటేనే నాకు ధైర్యం వచ్చింది. మొహం మీద చెప్పడం చేతకాక ఇక్కడ రాస్తున్నాను.

6. ఆపరేషన్ బాగా జరిగి నేను ఇంటికి వస్తే పైవన్నీ బీరువాలోకి పోవును, స్పానర్‌తో సహా. నాలుగోది మాత్రం పోదు. నేనున్నా పోయినా అది ఇవాళ్టి నుంచే అమలులో ఉంటుంది. నేనూ దానికి లోబడినవాణ్ణే. ఇందాక అమ్మాయి నా దిండు సర్దుతుంటే ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. దొంగదగ్గు దగ్గి మింగేశాను.

అమ్మలూ, నువ్వేం చేస్తావో, ఎక్కడ ఉంటావో, ఎవరితో కూర్చుని నవ్వుతావో తెలుసుకోకుండా వెళ్లిపోవాలంటే నాకు చాలా కష్టంగా ఉంది. ఆపరేషన్‌కు కూడా ఇంత బెంగ లేదు. అయినా నేను అడగను. నువ్వు చెప్పకు.

తేదీ: పదమూడు, బుధవారం సాయంత్రం.

(సంతకం) డ్రైవింగ్ మాస్టారు

సాక్షులు:
1. వార్డు నర్సు. ఇక రాయడం చాలించి పడుకోమని కేకలేస్తూ సంతకం చేసినది.
2. పక్క మంచం టైలరు. ఇదే ఆపరేషన్ మొన్న చేయించుకుని, ఇవాళ లేచి కూర్చుని, కలం అడిగి తీసుకుని సంతకం చేసినవాడు.