సగం మాత్ర

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నాకు అక్షరం రాదు గనక మనవరాలి చేత రాయిస్తున్నాను.

నాకూ బీపీ ఉన్నా, ఇంటికో మందుచీటీ చాలనుకుని, మా ఆయన బీపీ మాత్రలో సగం విరిచి మింగేదాన్ని. "ఆయన చొక్కా తొడుక్కుంటావటే? ఒళ్ళు వేరైనప్పుడు మందు ఒకటెలా అవుద్ది?" అని తిట్టేదానివి.

నిన్న గణపవరంలో డాక్టరమ్మ నాకు రక్తపరీక్ష చేయించి నీ మాటే అంది. ముట్లుడిగిన ఆడవాళ్ళకు బీపీ వెంట నడుం కొవ్వు, సుగరు, ఒంటి లోపల వాపు మగవాళ్ళకంటే వేరే తీరున చేరతాయట.

"మా అక్క బడి మొహం చూడకుండానే ఈ మాట చెప్పిందండీ" అన్నాను.

ఇప్పుడు నా పేరున నాకో చీటీ ఉంది. ఎవరితోనూ వాదనలో ఓడనిదాన్ని, నీ చేతిలో ఓడిపోయాను. ఈ పొద్దున నా మాత్ర విరవకుండా మింగాను.